ఆ లైను మళ్లీ చదవమన్న మనిషికి

కళ్లు మండుతున్నాయి. పడుకుని లేచాక రాస్తే మాట చప్పబడిపోతుందని ఇప్పుడే రాస్తున్నాను. డేటాబేస్ తరలింపు తెల్లవారుజామున 4.40కి పూర్తయింది. అది నా ఘనత కాదు, క్లయింటు హెల్ప్‌డెస్క్‌లో ఫోనెత్తిన ఒకరిది.

నేను ముగ్గురు క్లయింట్లకు పనిచేస్తాను. ముగ్గురివీ మూడు వీపీఎన్‌లు, అంటే ఇంటర్నెట్ మీదుగా వాళ్ల నెట్‌వర్క్‌లోకి వెళ్లే రహస్య సొరంగాలు. ఏది కలిపినా కంప్యూటర్ మొత్తం తన సొత్తే అనుకుంటుంది. డిఫాల్ట్ రూట్ (బయటికి పోయే ప్రధాన దారి) మార్చేస్తుంది, డీఎన్ఎస్ (పేర్లను అడ్రసులుగా మార్చే సేవ) లాక్కుంటుంది, రెండోది కలపగానే మొదటిది తెగుతుంది. పోయిన నెల అలా సగంలో తెగిన పనిని మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. అప్పుడే ఒక్కో క్లయింటుకు ఒక్కో వర్చువల్ మెషీన్, అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్, పెట్టుకున్నాను (ముగ్గురి అనుమతీ తీసుకునే లెండి). ఎవరి గదిలో వాళ్లు, ఎవరి తలుపు వాళ్లది.

నిన్న రాత్రి ఆ గదే నన్ను ముంచింది. వీపీఎన్ కలిసింది. మిగతా సర్వర్లన్నీ పలికాయి. నాకు కావలసిన సర్వర్, 10.0.2.40 అనే అడ్రసుది, ఒక్కటే పలకలేదు. మూడుసార్లు పాత స్నాప్‌షాట్‌కు (మెషీన్ అప్పటి స్థితిని దాచిన కాపీకి) వెళ్లి వచ్చాను. హెల్ప్‌డెస్క్‌కు రెండుసార్లు ఫోను చేస్తే రెండుసార్లూ ఒకే సమాధానం: సమస్య మీ కంప్యూటర్‌లో ఉంది, టికెట్ (ఫిర్యాదు) మూసేస్తున్నాం. వాళ్ల సాఫ్ట్‌వేర్‌ను నా కంప్యూటర్‌లో పెట్టమని పట్టుబట్టింది వాళ్లే. అది పలకనప్పుడు మాత్రం కంప్యూటర్ నాది!

మూడోసారి ఎత్తింది వేరే వ్యక్తి. నేను కసిగా టికెట్ నంబర్ చదువుతుంటే ఆపి, "మీరు నిద్రపోయి ఎంతసేపైందండీ?" అన్నారు. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు, గొంతులో ఏదో అడ్డుపడింది. "రెండు నిమిషాలు ఏమీ టైపు చేయకండి. నీళ్లు తాగి రండి, నేను లైనులోనే ఉంటాను" అన్నారు. నిజంగానే ఉన్నారు.

తర్వాత వర్చువల్ మెషీన్‌లోని రూటింగ్ టేబుల్‌ను (ఏ అడ్రసుకు ఏ దారో చెప్పే పట్టికను) పైనుంచి కిందకు చదవమన్నారు. బడిపిల్లవాడిలా చదివాను. 10.0.0.0, మాస్క్ (ఆ దారి ఎంత పరిధికో చెప్పే అంకె) 255.0.0.0, అది వీపీఎన్‌ది. "ఊఁ." 10.0.2.0, మాస్క్ 255.255.255.0. "ఆగండి. ఆ లైను మళ్లీ చదవండి."

అక్కడే ఉంది దొంగ. నా వర్చువల్ మెషీన్లను నడిపే వర్చువల్‌బాక్స్, వాటిని బయటికి కలిపే తన న్యాట్ నెట్‌వర్క్‌కు మామూలుగా వాడే అంకెలు 10.0.2.0 నుంచే మొదలవుతాయి. లోపలి మెషీన్‌కు 10.0.2.15 వస్తుంది. క్లయింటు సర్వర్ కూడా ఆ వరుసలోనే ఉండటంతో, చిన్న పరిధి ఉన్న దారికే మొగ్గు కాబట్టి, నా ప్యాకెట్లు వీపీఎన్ సొరంగం దాకా పోకుండా గదిలోనే గోడకు కొట్టుకుంటున్నాయి. వేరుచేయడానికి కట్టుకున్న గోడే అడ్డమైంది. మెషీన్ ఆపి, న్యాట్ పరిధిని 192.168.77.0కి మార్చి, మళ్లీ లేపాను. పింగ్‌కు (సర్వర్ ఉందా అని పలకరించే సందేశానికి) సమాధానం వచ్చింది. నేను కేక పెట్టాను, ఆయన నవ్వారు.

పెద్ద ఫైలు దగ్గర మళ్లీ ఆగింది. ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ బైట్లు) 1500 ఉంటే 1300కి దించి చూడమన్నారు. కదిలింది. అప్పుడు తెలిసింది, ఆయన షిఫ్టు ముగిసి గంటన్నర దాటిందని. ఆ మాట కూడా అడిగితేనే చెప్పారు.

పేరు చెప్పడానికి నిబంధనలు ఒప్పుకోవట. సరే. కానీ ఆ సంస్థ పనితీరు పట్టికలో ఎన్ని టికెట్లు మూశారో లెక్క ఉంటుంది. ఎవరిని నిద్రలేని రాత్రి నుంచి బయటపడేశారో రాసే గడి ఉండదు. మొదటి ఇద్దరికీ చెరొక టికెట్ జమ అయి ఉంటుంది, ఈయనకు బహుశా ఆలస్యం అన్న మరక పడి ఉంటుంది. అయ్యా, మీరు ఇది చదివితే, నేను మీకు రుణపడ్డాను.

ఇంట్లోవాళ్లకు కూడా కృతజ్ఞతలు, వాళ్లకు తెలుసు.

అన్నట్టు, ఏ మార్పుకైనా ముందు స్నాప్‌షాట్ తీయమని నెలల తరబడి పోరిన మిత్రుడిని మరిచేపోయాను. ఆ మాట వినకపోయి ఉంటే నిన్న మెషీన్‌ను మూడుసార్లు కొత్తగా కట్టుకునేవాడిని. అయ్యో, గడువును మరో రెండు గంటలు పొడిగించిన క్లయింటు డేటాబేస్ నిర్వాహకురాలు కూడా! ఆవిడ ఒప్పుకోకపోతే ఈ కథే లేదు. అలాగే తన ల్యాప్‌టాప్‌లోని ర్యామ్ ఊడదీసి ఇచ్చిన సహోద్యోగి. మూడు మెషీన్లు ఒకేసారి లేచాయంటే దానివల్లే. రేపు తిరిగి ఇచ్చేస్తాను. రేపు కాదు, ఈరోజే అనుకుంటా, తెల్లారింది.