మన ఊరి కార్యక్రమాల కబురు ముందుగా అందించండి

సంపాదకుల వారికి,

నమస్కారం.

మీ పత్రికలో విజయనగరం జిల్లా వార్తలను ఏళ్ళ తరబడి చదువుతున్న పాఠకురాలిని, తెలుగు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. మా ఊరు విజయనగరంలో జరిగే సంగీత సభలు, హరికథలు, నాటకాలు, సాహిత్య సమావేశాల వార్తలను మీరు శ్రద్ధగా వేస్తున్నారు, అందుకు కృతజ్ఞతలు. అయితే అవి చాలావరకు కార్యక్రమం ముగిసిన మర్నాడు వచ్చే వార్తలే. శాలువా కప్పించుకుంటున్న కళాకారుడి ఫొటో చూసి, "అయ్యో, నిన్న సాయంత్రం మన వీధి చివరే జరిగిందా!" అనుకోవడం మా ఇంట్లో అలవాటైపోయింది. ఆగస్టు నెలాఖరు నుంచి జనవరి మొదటి వారం దాకా మా ఊరికి అసలైన కళల కాలం. ఈసారైనా ఆ కబురు ముందుగా అందే ఏర్పాటు చేయమని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ నాలుగు నెలల్లో మేము తలుచుకోవలసిన తేదీలు ఎన్నో ఉన్నాయి. ఆగస్టు 31 హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారి జయంతి. సెప్టెంబరు 21 గురజాడ అప్పారావు గారి జయంతి, నవంబరు 30 వర్ధంతి. నవంబరు 8న ద్వారం వెంకటస్వామి నాయుడు గారు, డిసెంబరు 4న ఘంటసాల గారు పుట్టారు. జనవరి 2తో మళ్ళీ నారాయణదాసు గారి దగ్గరికే వస్తాం, 1945లో ఆయన కన్నుమూసిన రోజది. వీరెవరూ మా ఊళ్ళో పుట్టినవారు కారు, కానీ అందరూ మా ఊరిని తమ ఊరు చేసుకున్నవారే. 1919లో ఇక్కడ సంగీత కళాశాల వెలసినప్పుడు దాని తొలి ప్రధానాచార్యులు నారాయణదాసు గారు. ఇరవయ్యారేళ్ళ వయసులో వయొలిన్ నేర్పడానికి వచ్చిన ద్వారం వారు తరువాతి కాలంలో అదే పీఠంలో కూర్చున్నారు. కుర్రవాడిగా వచ్చిన ఘంటసాల మధూకరం చేసుకుంటూ, అంటే ఇల్లిల్లూ అడిగి అన్నం తెచ్చుకుంటూ, ఆ కళాశాలలోనే పాట నేర్చుకున్నారు. పి. సుశీల గారు చదివినదీ అక్కడే. గురజాడ వారి కన్యాశుల్కం మొదటిసారి రంగస్థలం ఎక్కింది 1892లో ఈ ఊళ్ళోనే. ఇంత వారసత్వం ఉన్న ఊరిలో ఆ తేదీల నాడు ఏయే సభలు, ఎక్కడ, ఎన్ని గంటలకు జరుగుతున్నాయో మామూలు పౌరుడికి తెలిసే దారి లేకపోవడం నాకు ఎంతో బాధగా ఉంది.

కిందటి ఏడాది నేను చూసిన ఒక సాయంత్రం గురించి చెబుతాను. కూరగాయలు కొనుక్కుని వస్తుండగా ఒక సభామందిరం తలుపుల సందులోంచి మృదంగం వినిపించి లోపలికి వెళ్ళాను. హరికథ. గోడకు అంటించిన చిన్న కాగితం మీద సాయంత్రం ఆరు గంటలకని రాసి ఉంది, నేను వెళ్ళేసరికి ఏడుంబావు అయింది, కథ అప్పుడే మొదలవుతోంది. అంతవరకూ ముఖ్య అతిథి కోసం ఎదురుచూశారని, ఆయన వచ్చాక ఉపన్యాసాలు సాగాయని పక్కనున్న పెద్దాయన చెప్పారు. కుర్చీలు రెండు వందలకు తక్కువ లేవు, కూర్చున్నవాళ్ళం పద్దెనిమిది మందిమి. కథ చెప్పే భాగవతారిణి పాతికేళ్ళు దాటని అమ్మాయి. ఎడమ చేత్తో పట్టుచీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుని, కుడి చేతిలో చిరతలు ఆడిస్తూ, గజ్జె ఒక్క అడుగు కూడా తాళం తప్పకుండా రుక్మిణీ కల్యాణం ఎత్తుకుంది. ఆ ఖాళీ కుర్చీల వైపు ఒక్కసారి కూడా నిరాశగా చూడలేదు. తొమ్మిదింటికల్లా హాలు ఖాళీ చేయాలన్నారు కాబోలు, ఎవరో వచ్చి చెవిలో చెప్పి వెళ్ళారు. రుక్మిణి సందేశం మోసుకెళ్ళే అగ్నిద్యోతనుడు ద్వారకకు చేరేసరికే ఆమె మంగళం పాడవలసి వచ్చింది. కృష్ణుడు రాలేదు, రుక్మిణి పెళ్ళి కాలేదు. మర్నాడు పత్రికల్లో ఆ సభ ఫొటో వచ్చింది. అదే కబురు నాలుగు రోజుల ముందు వచ్చి ఉంటే మా వీధి నుంచే పదిమందిని వెంటబెట్టుకుని వెళ్ళేదాన్ని.

ఇక సిరిమానోత్సవం సంగతి. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను అని పసిపిల్లలకు కూడా తెలుసు. సిరిమాను అనే పొడవాటి మాను కోసం, పూజారి గారి కలలో అమ్మవారు చూపిన చింతచెట్టును వెతికి తెచ్చిన నాటి నుంచి ఊరంతా రోజులు లెక్కపెట్టుకుంటుంది. ముందు రోజు తొలేళ్ళకే ఉత్తరాంధ్ర పల్లెల నుంచి, ఒడిశా నుంచి జనం తరలివస్తారు. మర్నాడు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల ఊరేగింపుగా ముందు నడవగా, సిరిమాను కొసన పూజారి కూర్చుని అమ్మవారి చదురుగుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతుంటే, విసిరిన అరటిపళ్ళు తలల మీదుగా ఎగురుతాయి. దానికి ఎవరి ప్రచారమూ అక్కర్లేదు.

అయితే ఆ వచ్చిన జనం తొలేళ్ళ రాత్రి ఎక్కడ గడుపుతారో గమనించారా? పిల్లలను ఒళ్ళో పడుకోబెట్టుకుని, మూటలు తలకింద పెట్టుకుని, దుకాణాల అరుగుల మీద తెల్లవార్లూ కూర్చుంటారు. ఆ రోజుల్లోనే ఊళ్ళో ఉత్సవాల పేరిట ఎన్నో వేదికల మీద ప్రదర్శనలు ఏర్పాటవుతాయి. గుండెల మీద కట్టుకున్న రేకు గుళ్ళను అరచేతులతో మోగిస్తూ, గజ్జెల కాళ్ళతో ఒక్కుమ్మడిగా గాలిలోకి లేచే తప్పెటగుళ్ళ బృందం ఒకటి మిట్టమధ్యాహ్నం ఎండలో, ముందు వరుసలో నలుగురైదుగురు మాత్రమే ఉండగా ఆడటం నేను చూశాను. అది పల్లెల ఆట. దాన్ని తమదిగా ఎరిగిన జనం వేల సంఖ్యలో అదే ఊళ్ళో, రెండు వీధుల అవతల, నిద్రపట్టక కూర్చునే రాత్రి ఆ బృందాన్ని ఆడించాలన్న ఆలోచన ఎవరికీ ఎందుకు రాదు? తప్పెటగుళ్ళకు రాత్రి వేళ కేటాయించి, ఆ వేళను ముందే చాటితే చాలు, అరుగుల మీద ఉన్నవారంతా లేచి వెళ్తారు.

అందువల్ల మీకు నా విన్నపం ఇది. ఆగస్టు నుంచి జనవరి వరకు ప్రతి ఆదివారం జిల్లా పేజీలో రాబోయే వారం కార్యక్రమాలకు కొంచెం చోటు కేటాయించండి. ఏ రోజు, ఏ వేళ, ఎక్కడ, కళాకారులు ఎవరు, ప్రవేశం ఉచితమా టిక్కెట్టా అన్న వివరాలు చాలు. అధ్యక్షులు, ముఖ్య అతిథులు, ఆత్మీయ అతిథుల జాబితా అక్కర్లేదు. కళాకారుల పేరు మాత్రం వదలకండి, ఎందుకంటే కరపత్రాల్లో ఆ పేరే అన్నిటికన్నా చిన్న అక్షరాల్లో, అట్టడుగున ఉంటోంది. వృద్ధులు ఎక్కలేని మెట్లు ఉన్న హాలయితే ఆ సంగతి కూడా ఒక ముక్క రాస్తే నాలాంటి మోకాళ్ళ నొప్పుల వాళ్ళకు మేలు.

నిర్వాహకులకు కూడా మీ పత్రిక ద్వారా ఒక మాట. చందాలు పోగుచేసి, హాలు అద్దె కట్టి, మైకు వాళ్ళ వెంట తిరిగి మీరు పడే శ్రమ నాకు తెలుసు, మీమీద నాకు ఫిర్యాదు లేదు. కానీ వివరాలు పత్రికలకు పది రోజుల ముందు పంపండి. ఆరు గంటలని వేస్తే ఆరింటికే తెర తీయండి. అతిథి ఆలస్యమైతే సన్మానం చివర పెట్టుకోవచ్చు, కథను మాత్రం సగంలో ఆపించకండి. సంగీత కళాశాల విద్యార్థులు, పాఠశాలల పిల్లలు ఈ సభలకు రావాలంటే ఉపాధ్యాయులకు కనీసం వారం ముందు తెలియాలి. బడిలో పనిచేసిన రోజుల్లో ఎన్ని గురజాడ జయంతులకు పిల్లలను తీసుకెళ్ళాలనుకుని, కబురు తెలియక తీసుకెళ్ళలేకపోయానో తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

మీరు ఆ శీర్షిక మొదలుపెడితే, ప్రతి ఆదివారం దాన్ని కత్తిరించి మా అపార్ట్‌మెంటు లిఫ్టు పక్కనా, మా వీధి పాల బూత్ దగ్గరా అంటించే బాధ్యత నేను తీసుకుంటాను.

భవదీయురాలు,
విశ్రాంత ఉపాధ్యాయురాలు,
విజయనగరం