మొదటి బిల్డ్ దగ్గరే ఆగిపోతున్నారు

సంపాదకులకు,

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఓపెన్ సోర్స్ వర్క్‌షాపులు ఎక్కువయ్యాయి. సంతోషమే. కానీ చాలాచోట్ల జరిగేది గిట్‌హబ్‌లో ఖాతా తెరిచి, ఎవరిదో రీడ్‌మీ ఫైల్లో పేరు చేర్చడం వరకే. ఆ ఉత్సాహంతో ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్ లాంటి పెద్ద ప్రాజెక్టులోకి వెళ్లిన విద్యార్థులు ఒక్క లైను రాయకుండానే వెనక్కి వస్తున్నారు. సీ ప్లస్ ప్లస్ రాక కాదు, సోర్స్ కోడ్ తమ లాప్‌టాప్‌లో బిల్డ్ కాక, అంటే నడిచే ప్రోగ్రామ్‌గా మారక.

లిబ్రేఆఫీస్ పేరే ఎత్తడానికి కారణం ఉంది. 2017లో వచ్చిన 5.3 వెర్షన్‌కు ముందు అందులో అక్షరాలను పేర్చే పని విండోస్‌లో ఒక సాఫ్ట్‌వేర్‌ది, మ్యాక్‌లో ఇంకొకదానిది. ఒకే తెలుగు పత్రంలో ఒత్తులు ఒక్కో సిస్టంలో ఒక్కోలా పడే వీలుండేది. ఇప్పుడు అన్నిచోట్లా ఆ పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేస్తోంది. తెలుగు ఒత్తులో దోషం ఒక్కచోట దిద్దితే లినక్స్‌కూ, విండోస్‌కూ, మ్యాక్‌కూ సరిపోతుంది. ఆ దోషాన్ని పసిగట్టగలిగేది తెలుగు చదివేవాళ్లే. అందుకే మన పిల్లలు గుమ్మం దగ్గరే ఆగిపోవడం బాధ కలిగిస్తోంది.

పైకి చూస్తే పని మూడే మాటలు: కోడ్ దించుకోవాలి, ఆటోజెన్ నడపాలి (కావాల్సినవన్నీ ఉన్నాయో లేదో ఇది చూస్తుంది), మేక్ కొట్టాలి (కంపైల్ చేసేది ఇదే). తంటా మొదటి మాట దగ్గరే మొదలు. ఈ కోడ్ చరిత్ర 2000లో సన్ కంపెనీ ఓపెన్ ఆఫీస్‌ను బయటపెట్టిన నాటిది, కాబట్టి కోడ్, దాని చరిత్ర అంతా ఉండే రిపోజిటరీ జీబీల్లో ఉంటుంది. దాన్ని దించే గిట్ క్లోన్ మధ్యలో తెగితే ఆగినచోటి నుంచి కొనసాగదు, మళ్లీ మొదటికొస్తుంది. హాస్టల్ వైఫైలో ఇది రెండుసార్లు జరిగితే ఎవరికైనా విసుగొస్తుంది. మొదట డెప్త్ 1 ఆప్షన్‌తో తాజా కోడ్ మాత్రమే తెచ్చుకుని, పాత చరిత్రను తర్వాత అన్‌షాలో ఆప్షన్‌తో తెచ్చుకోవచ్చు. ఇంకా మంచిది, ఒకరు పూర్తిగా దించి మిగతావాళ్లకు కాపీ ఇవ్వడం. బిల్డ్ సమయంలో దిగే బయటి లైబ్రరీల సంగతీ అంతే. అవన్నీ ఎక్స్‌టర్నల్‌లోని టార్‌బాల్స్ ఫోల్డర్లో చేరతాయి. ఆ ఫోల్డర్‌ను ఇంకో మెషీన్‌కు మోసి, విత్ ఎక్స్‌టర్నల్ టార్ ఆప్షన్‌తో దారి చూపిస్తే చాలు.

ఆటోజెన్ ఏ ప్యాకేజీ లేకపోయినా అక్కడే ఆగుతుంది. ఒకటి వేస్తే ఇంకొకటి అడుగుతుంది. డెబియన్, ఉబుంటుల్లో ఆప్ట్ బిల్డ్-డెప్ కమాండ్ వీటిలో చాలా భాగం ఒక్కసారే వేస్తుంది. ముందు సోర్సెస్ జాబితాలో డెబ్-సోర్స్‌ను ఆన్ చేయాలి, ఉబుంటులో అది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఇంత చిన్న సంగతి చెప్పేవాళ్లు లేక పూటంతా పోగొట్టుకునేవాళ్లున్నారు.

ఎక్కువమంది కూలబడేది మాత్రం మేక్ దగ్గర. ఏమీ చెప్పకపోతే బిల్డ్ ఎన్ని కోర్లుంటే అన్ని ఫైళ్లను ఒకేసారి కంపైల్ చేస్తుంది. ఒక్కో కంపైలర్ ప్రాసెస్ పెద్ద ఫైళ్ల దగ్గర ఒక జీబీ, ఒక్కోసారి అంతకు మించి ర్యామ్ తింటుంది. ఎనిమిది కోర్లు, 8 జీబీ ఉన్న లాప్‌టాప్‌లో గంట నడిచాక తెరమీద 'కిల్డ్ సిగ్నల్' అని, పక్కనే 'సీసీ1ప్లస్' (కంపైలర్ పేరు) అని కనిపిస్తుంది. కోడ్‌లో తప్పుందని విద్యార్థి అనుకుంటాడు. నిజానికి ర్యామ్ నిండిపోయి ఆపరేటింగ్ సిస్టమే ఆ ప్రాసెస్‌ను చంపేసింది. విండోస్‌లోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ వాడేవాళ్లకు ఇబ్బంది రెట్టింపు, ఎందుకంటే మామూలుగా అది మెషీన్ ర్యామ్‌లో సగమే వాడుకోనిస్తుంది. 8 జీబీ కాస్తా 4 అవుతుంది. ఆప్షన్లు రాసే ఆటోజెన్.ఇన్‌పుట్ ఫైల్లో విత్ పారలలిజం 2 (ఒకేసారి రెండే ఫైళ్లు) అని, విత్అవుట్ జావా అని రాసి, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ చోటు) పెంచుకుంటే నెమ్మదిగానైనా గట్టెక్కుతుంది. దోషాలు వెతకడానికి పనికొచ్చే డీబగ్ సింబల్స్ అన్ని మాడ్యూళ్లకూ అడగొద్దు. రైటర్ మీద పనిచేస్తుంటే దాని మాడ్యూల్ ఎస్‌డబ్ల్యూ ఒక్కదానికి చాలు, లేకపోతే కంపైలైన ముక్కలను కలిపే లింకింగ్ దగ్గర మళ్లీ ర్యామ్ చాలదు.

ఎర్రర్ వస్తే చివరి పది లైన్లు చూసి లాభం లేదు. పనులు పక్కపక్కనే నడుస్తుంటాయి కాబట్టి అసలు కారణం వందల లైన్ల పైన ఉండిపోతుంది. మేక్‌ను ఒకే జాబ్‌తో మళ్లీ నడిపితే ఆ ఎర్రర్ విడిగా కనిపిస్తుంది. మేక్ క్లీన్ మాత్రం కొట్టొద్దు! గంటలపాటు కంపైలైన ఫైళ్లన్నీ పోతాయి. ఆగింది టెస్టు దగ్గరైతే టెస్టులు వదిలేసే మేక్ బిల్డ్-నోచెక్‌తో ముందుకు పోవచ్చు. కంపైలైన ఫలితాలను దాచి మళ్లీ వాడుకునే సీక్యాష్ పరిమాణం మామూలుగా 5 జీబీ, డీబగ్ బిల్డ్‌కు అది చాలదు. దాన్ని 30 దాకా పెంచకపోతే రెండో బిల్డ్ కూడా మొదటిదంత సేపు పడుతుంది.

నేరుగా విండోస్ మీద చేసేవాళ్లు ఫోల్డర్ దారిలో ఖాళీ లేకుండా చూసుకోవాలి. యూజర్ పేరు 'సాయి కిరణ్' అని రెండు ముక్కలుగా ఉంటే మేక్ వాటిని రెండు ఫైళ్లనుకుంటుంది. యాంటీవైరస్ పుట్టిన ప్రతి ఫైల్‌నూ తనిఖీ చేస్తూ వేగాన్ని మింగేస్తుంది, బిల్డ్ ఫోల్డర్‌ను దాని పరిధి నుంచి తప్పించాలి. డబ్ల్యూఎస్ఎల్‌లో అయితే కోడ్‌ను సీ డ్రైవ్‌లో కాక లినక్స్ హోమ్‌లోనే ఉంచాలి.

మూడు సిస్టమ్‌లూ కొనాలేమో అనే భయం చాలామందిలో ఉంది. అక్కర్లేదు. ఒక్కదానిమీద బిల్డ్ చేసి ప్యాచ్‌ను (మీరు చేసిన మార్పును) ప్రాజెక్టు మార్పులను పరిశీలించే గెరిట్‌కు పంపితే లినక్స్, విండోస్, మ్యాక్ మూడింటిమీదా జెంకిన్స్ అనే ఆటోమేటిక్ వ్యవస్థ దాన్ని పరీక్షిస్తుంది.

కాలేజీలకు మా విన్నపం ఒక్కటే. ల్యాబ్‌లో 32 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్ ఒక్కటి కేటాయించండి. దానిమీద క్లోన్, టార్‌బాల్స్ సిద్ధంగా ఉంచి, ఎవరైనా కాపీ చేసుకునే వీలు కల్పించండి. వర్క్‌షాపు రెండు రోజులైతే మొదటి రోజంతా బిల్డ్‌కే ఇవ్వండి, మేక్ రాత్రంతా నడవనివ్వండి. ఆ రాత్రి ల్యాబ్‌లో కరెంటు, నెట్ ఆపకుండా వాచ్‌మన్‌కు ఒక మాట చెప్పి ఉంచండి.

- కొందరు ప్రోగ్రామర్లు, హనుమకొండ