కొత్త టెన్నిస్ కోర్టులు కొత్తగానే ఉండాలంటే

సంపాదకుడు గారికి,

విజయవాడలో మా పేటలో ఉన్న మున్సిపల్ టెన్నిస్ కోర్టులను ఈమధ్యనే బాగుచేశారు. ఏళ్ల తరబడి పగుళ్లలో గడ్డి మొలిచి, నెట్ స్తంభాలు తుప్పుపట్టి ఉన్న చోట ఇప్పుడు నీలం, ఆకుపచ్చ రంగులు, తెల్లటి గీతలు, చుట్టూ ఎత్తయిన కంచె, ఫ్లడ్‌లైట్లు కనిపిస్తున్నాయి. ఇందుకు పూనుకున్న అధికారులకు, ఎండలో నిలబడి పూతలు వేసిన పనివాళ్లకు ముందుగా కృతజ్ఞతలు. కానీ ప్రారంభోత్సవం జరిగి ఎంతో కాలం కాకముందే ఒక కోర్టులో చివరి అడ్డగీత (బేస్‌లైన్) పక్కన బైకు టైరు గిరగిరా తిప్పిన నల్లటి చారలు పడ్డాయి. కంచెను ఒక మూల మనిషి దూరేంత కోసేశారు. నెట్ బిగించే పిడి మాయమైంది. పొద్దున్నే నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలు ముందు చీపురు పట్టుకుని సీసా పెంకులు ఎత్తాల్సి వస్తోంది.

కోర్టు నేల చూడ్డానికి గచ్చులా ఉంటుంది కాబట్టి దానికేమవుతుందిలే అనుకుంటారు చాలామంది. కింద తారు గానీ కాంక్రీటు గానీ పోసి, దాని మీద సన్న ఇసుక కలిపిన అక్రిలిక్ పూతను పొరలు పొరలుగా వేస్తారు. ఆ పొరలన్నీ కలిపినా మందం కొద్ది మిల్లీమీటర్లే. బంతి సమంగా లేవాలన్నా, పరిగెత్తే పిల్ల కాలు జారకుండా నిలవాలన్నా ఆ పూత బాగుండాలి. తారు పరిచిన కోర్టు మీద మన మే నెల ఎండలో బైకుకి సైడ్‌స్టాండ్ వేస్తే మెత్తబడిన తారులోకి అది దిగిపోతుంది. వాన నీరు జారిపోవడానికి కోర్టుకి వంద అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఇస్తారు. చిన్న గుంట పడినా నీరు అక్కడ ఆగిపోతుంది, మెల్లగా పూత కిందకి చేరుతుంది, పెచ్చులు లేస్తాయి. ఆ పెచ్చు అంచున కాలు పడి మడమ తిరిగిన పిల్లలకు, వ్యాయామ టీచరుగా పనిచేసిన రోజుల్లో, నేనే కట్లు కట్టాను.

నెట్ సంగతీ అంతే. మధ్యలో 3 అడుగులు, స్తంభాల దగ్గర 3.5 అడుగుల ఎత్తు ఉండాలి. పై అంచులో ఉక్కు తీగ ఉంటుంది. కుర్రాళ్లు సరదాకి దాని మీద కూర్చుని ఊగితే తీగ సాగుతుంది, స్తంభాలు లోపలికి ఒరుగుతాయి, వాటి మొదట్లో నేల పగులుతుంది. నెట్ కొత్తది కొనుక్కోవచ్చు. స్తంభం దగ్గర పగిలిన నేలను అతకడం పెద్ద పని.

ఈ నష్టమంతా తాగుబోతుల మీదా పోకిరీల మీదా తోసెయ్యడం తేలిక. నాకు ఎక్కువ భయం పెద్దమనుషుల వల్లే. ఒక టెన్నిస్ కోర్టుకి చుట్టూ వదిలే జాగాతో కలిపి సుమారు 120 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు ఉంటుంది. ఊరి నడిబొడ్డున అంత చదునైన, శుభ్రమైన, లైట్లున్న స్థలం కనబడితే ఓణీల ఫంక్షన్‌కి అడుగుతారు, చవితి పందిరికి అడుగుతారు, వార్డు మీటింగుకి అడుగుతారు. కాదంటే పైనుంచి ఫోను చేయిస్తారు. ఇక షామియానాకి ఇనప మేకులు దిగ్గొడతారు, వంటవాళ్లు గ్యాస్ పొయ్యిలూ గుండిగలూ దించుతారు, ఇనప కుర్చీలు ఈడుస్తారు, నూనె ఒలుకుతుంది. మర్నాడు ఊడ్పించి, అంతా సరిగ్గానే అప్పజెప్పామంటారు. మేకు దిగిన ప్రతి చోటా వానాకాలం నీరు దిగుతుంది. మునుపు నేను పనిచేసిన ఒక బడిలో వాలీబాల్ కోర్టు ఇలాగే పెళ్లి పందిళ్లకి పోయింది, మళ్లీ ఆటకి పనికి రాలేదు. అందుకే మొట్టమొదటి కోరిక ఇది: ఈ కోర్టుల్లో ఆట తప్ప మరే కార్యక్రమానికీ, ఎవరు సిఫారసు చేసినా, అద్దెకైనా ఉచితంగానైనా అనుమతి లేదని రాతపూర్వకంగా నిర్ణయించి ఆ మాట గేటు మీద బోర్డుగా పెట్టాలి. కింది ఉద్యోగి కాదనడానికి ఆ కాగితం అండగా ఉంటుంది.

కంచె కోసింది ఎవరో నాకు తెలియదు. ఆ కంతలోంచి వచ్చి మధ్యాహ్నాలు క్రికెట్ ఆడుతున్న పిల్లలతో మాత్రం మాట్లాడాను. పదమూడు పద్నాలుగేళ్లవాళ్లు. స్టంపుల కోసం పెట్టిన ఇటుకలు పూతని గీరేస్తున్నాయని చూపించి చెబితే నిజంగానే ఆశ్చర్యపోయారు. వాళ్ల ఇళ్ల చుట్టుపక్కల ఉన్న ఖాళీ స్థలాలన్నీ అపార్ట్‌మెంట్లయ్యాయి. వాళ్లని తరిమేస్తే రాత్రిపూట వస్తారు. ఈ కోర్టులున్న పార్కులోనే ఓ పక్కన కాస్త పొడవుగా సిమెంటు పిచ్ ఒకటి వేయిస్తే సగం తగువు తీరుతుంది. ఆ పిల్లల్లో ఇష్టమున్న వాళ్లకి వారానికి కొన్ని గంటలైనా ఉచితంగా టెన్నిస్ నేర్పాలి, రాకెట్లు అక్కడే ఉంచి ఇవ్వాలి. బందరు రోడ్డు మీద మన ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్‌లో బంగారు పతకం గెలిచాడు. అయినా టెన్నిస్ కలిగినవాళ్ల ఆటేనన్న మాట మన పేటల్లో ఇంకా వినబడుతోంది. ప్రైవేటు అకాడమీల ఫీజు కట్టలేని ఇంటి పిల్లకి మున్సిపల్ కోర్టు తప్ప దారి లేదు. అది పాడైతే మొదట ఆట మానేసేది ఆ పిల్లే.

గేటుకి పెద్ద తాళం వేసి, కెమెరాలు బిగిస్తే చాలదా అని కొందరు మిత్రులు అంటున్నారు. కెమెరా వద్దనను. అయితే దాన్ని చూసేవాళ్లు ఉండాలి, లేకపోతే ముందు పగిలేది కెమెరానే. తాళం వేసిన కోర్టుకి అటువైపు ఎవరూ రారు, ఎవరూ రాని చోటే సీసాలు పగులుతాయి. ఎండ వల్ల పదింటి నుంచి నాలుగింటి దాకా, మళ్లీ రాత్రి తొమ్మిది దాటాక అక్కడ పెద్దవాళ్ల అలికిడి ఉండదు. పాడు చేసే పనులన్నీ ఆ వేళల్లోనే జరుగుతున్నాయి. పార్కు మూలన ఒక గది వేసి కావలి మనిషిని కుటుంబంతో సహా అక్కడే ఉండనివ్వాలి, జీతం నెలనెలా అందేలా చూడాలి. తొమ్మిది తర్వాత ఫ్లడ్‌లైట్లు ఆర్పినా కంచె వెంట ఒకటి రెండు దీపాలు వెలగాలి. సాయంత్రాలు నడకకి వచ్చే ఆడవాళ్లకీ ఆ దీపాలు ధైర్యం.

బాగుచేయించడానికి వచ్చిన నిధులు ఆ పనితోనే అయిపోతాయి. తర్వాత బల్బు పోతే ఎవరి డబ్బుతో మార్చాలో ఎవరికీ తెలియదు. కోర్టుల నిర్వహణకి ఏటా విడిగా కొంత సొమ్ము కేటాయించాలి. ఏదైనా విరిగితే చెప్పడానికి ఒక ఫోన్ నంబరు, పనిలో లోపాలకు కాంట్రాక్టరు ఎప్పటిదాకా బాధ్యుడో ఆ తేదీ, రెండూ గేటు దగ్గర రాసిపెట్టాలి. విరిగినదాన్ని వెంటనే అతికిస్తే దాన్ని చూసుకునేవాళ్లున్నారని అందరికీ అర్థమవుతుంది. నెలలు వదిలేస్తే ఇంకో నలుగురు చేయి వేస్తారు.

చట్టాల కొరత లేదు. ప్రభుత్వ ఆస్తుల ధ్వంసాన్ని అరికట్టడానికి 1984లోనే కేంద్రం చట్టం చేసింది, ఐదేళ్ల దాకా జైలుశిక్ష పడొచ్చు. గోడలు, బహిరంగ స్థలాలు రాతలతో పోస్టర్లతో పాడుచేయడం మీద మన రాష్ట్రంలో 1997 నాటి చట్టం ఉంది. ఇటుకలతో క్రికెట్ ఆడిన పిల్లవాణ్ని స్టేషన్‌కి ఈడ్చమని నేను అడగను. వాడి చేత ఓ ఆదివారం కోర్టు కడిగిస్తే చాలు, అది కూడా మనమూ పక్కన నిలబడి కడుగుతూ. రాగి తీగ కోసం లైట్ల కేబుల్ కోసేవాళ్ల మీద, ఆ తీగనీ కంచె ఇనుమునీ ఎక్కడిదని అడక్కుండా కొనే పాత ఇనుము కొట్ల మీద మాత్రం తప్పనిసరిగా కేసులు పెట్టాలి.

ఆడేవాళ్లం కూడా కొన్ని మానుకోవాలి. పిల్లల్ని దించడానికి స్కూటరు కోర్టు అంచుదాకా తెచ్చే తల్లిదండ్రులున్నారు. వీధిలో తిరిగిన బూట్లతోనే దిగి ఆడేవాళ్లున్నారు. సైకిలైనా స్కూటరైనా గేటు బయటే ఆగాలి.

వానలు మొదలయ్యేలోగా కోసిన కంచెని అతికించి, పడిన గుంటలు పూడ్పించాలని అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఊడ్చి కడిగే పనికి మా వీధివాళ్లం ఆదివారం ఉదయాలు రావడానికి సిద్ధంగా ఉన్నాం. నీళ్ల కనెక్షన్ ఇప్పించి, గేటు తాళం ఎవరి దగ్గర తీసుకోవాలో చెబితే ఈ ఆదివారమే మొదలుపెడతాం.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయురాలు,
విజయవాడ