భువనేశ్వర్ మెట్రో గీత మళ్లీ గీసే ముందు

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్ మెట్రో మొదటి దశను ఎల్ అండ్ టీ నుంచి తెలంగాణ ప్రభుత్వం తీసుకోవడంపై మీ పత్రికలో వస్తున్న వార్తలను బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగువాళ్లం శ్రద్ధగా చదవాలి. మన ఒడిశా రాజధాని భువనేశ్వర్‌లో 2024 జనవరి 1న శంకుస్థాపన జరిగిన మెట్రో 2025లో కాంట్రాక్టుల రద్దుతో ఆగిపోయింది. మళ్లీ మొదలుపెడితే డబ్బు ఎవరు పెట్టాలి, గీత ఎక్కడెక్కడ ఆగాలి అన్నవి స్తంభం లేవకముందే తేలాలి. హైదరాబాద్‌లో ఈ రెండూ ఆలస్యంగా తేలినందుకే ఇంత భారం పడింది.

2008లో సత్యం అధినేత రామలింగరాజు కుటుంబ సంస్థ మేటాస్ నాయకత్వంలోని కూటమి ప్రభుత్వ సాయం అడగకపోగా, తానే ప్రభుత్వానికి 30,311 కోట్లు ఎదురు ఇస్తానని హైదరాబాద్ మెట్రో టెండరు గెలిచింది. రైలు టికెట్లతో అంత డబ్బు రాదు. కన్ను భూముల మీద ఉందని ఢిల్లీ మెట్రో అధిపతి శ్రీధరన్ అప్పుడే హెచ్చరించారు. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది, మేటాస్‌కు అప్పు పుట్టలేదు, జులైలో ఒప్పందం రద్దయింది. 2010లో మళ్లీ టెండరు పిలిస్తే ఎల్ అండ్ టీ 1,458 కోట్ల సాయం అడిగి పని దక్కించుకుంది. 30 వేల కోట్లు వస్తాయన్న చోటే ప్రభుత్వం 1,458 కోట్లు ఇవ్వాల్సి వచ్చింది. మొదటి అంకె ఎంత గాలిలోదో దీన్నిబట్టే తెలుస్తుంది.

రెండో లెక్కలోనూ లోపముంది. ఆదాయంలో సగం టికెట్ల నుంచి, 45 శాతం మాల్స్, ఆఫీసుల అద్దెల నుంచి, మిగిలింది ప్రకటనల నుంచి రావాలి. ఇందుకోసం 1.85 కోట్ల చదరపు అడుగుల నిర్మాణానికి హక్కు ఇచ్చారు. అందులో కట్టింది కొంతే. అసెంబ్లీ, సుల్తాన్ బజార్, పాతబస్తీ దగ్గర మార్గం మార్చాలన్న వివాదంలో ఏళ్లు గడిచాయి. మొదటి రైలు 2017 నవంబరులో నడిచింది, జూబ్లీ బస్టాండు (జేబీఎస్)–మహాత్మాగాంధీ బస్టాండు (ఎంజీబీఎస్) ముక్క 2020 ఫిబ్రవరిలో తెరిచారు. మరుసటి నెలలోనే కరోనా వచ్చి సెప్టెంబరు దాకా రైళ్లు ఆగిపోయాయి. రోజుకు 15 లక్షల మంది ఎక్కుతారన్న అంచనా ఐదు లక్షల దగ్గరే నిలిచింది.

లెక్క సులువు. రోజుకు నాలుగున్నర లక్షల మంది, మనిషికి సగటున 40 రూపాయలు అనుకుందాం. ఏడాదికి సుమారు 657 కోట్లు. ప్రభుత్వం నెత్తికెత్తుకోవడానికి ఒప్పుకున్న అప్పు సుమారు 13,000 కోట్లు. 8 శాతం వడ్డీ అనుకున్నా 1,040 కోట్లు. కరెంటు, జీతాలు, మరమ్మతులు ఇంకా కలపలేదు. టికెట్ పెంచి ఈ గుంట పూడ్చడం అసాధ్యం, పెంచిన కొద్దీ జనం తగ్గుతారు. ఢిల్లీలో కేంద్రం, రాష్ట్రం మూలధనంలో చెరి సగం వాటా పెట్టి, జపాన్ నుంచి తక్కువ వడ్డీకి దీర్ఘకాలిక రుణం తెచ్చాయి. వడ్డీ శాతంలో ఉన్న తేడాయే అక్కడ మెట్రోను నిలబెట్టింది.

భువనేశ్వర్ మొదటి ప్రణాళిక విమానాశ్రయం నుంచి త్రిశూలియా దాకా 26 కిలోమీటర్లు, 20 స్టేషన్లు, 6,255 కోట్లు. అంతా రాష్ట్రం సొమ్మే. కేంద్ర సాయం కావాలంటే 2017 మెట్రో విధానం ప్రకారం బస్సు వంటి ఇతర మార్గాలతో పోల్చి చూపాలి, స్టేషన్ చుట్టూ ఐదు కిలోమీటర్ల పరిధికి జనాన్ని స్టేషన్‌కు చేర్చే ఫీడర్ బస్సుల ఏర్పాటు రాసివ్వాలి. ఈ షరతులను అడ్డంకి అనుకోవద్దు. హైదరాబాద్‌లో చాలామంది మెట్రో ఎక్కకపోవడానికి ఒక కారణం స్టేషన్ నుంచి ఇంటికి ఆటో ఖర్చు.

గంజాం జిల్లా నుంచి వెళ్లేవాళ్లకు ఇక్కడే ముఖ్యమైన లోపం కనిపిస్తుంది. మన బస్సులు దిగేది బరముండాలో. మొదటి గీత ఆ బస్టాండును తాకనే లేదు. రైల్వే స్టేషన్‌ను తాకింది, కానీ పేరుకి తాకడం చాలదు. సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ దిగినవాళ్లు సామానుతో రోడ్డు మీదికి వచ్చి మెట్రో మెట్లు వెతుక్కుంటారు. ప్లాట్‌ఫాం పైవంతెన నుంచే మెట్రో కాన్‌కోర్స్ (టికెట్ల హాలు) లోకి కప్పున్న దారి ఉండాలి. అది స్తంభాల నక్షాలోనే గీయాలి. తరవాత అతికించాలంటే రైల్వే అనుమతులు, లైన్ బ్లాకులు (పని కోసం రైళ్లు ఆపే సమయం), కొత్త పునాదులు కావాలి.

నిర్మాణం గురించి ఒక్క మాట. 25, 30 మీటర్ల స్పాన్‌కు (స్తంభాల మధ్య దూరానికి) యార్డులో పోతపోసిన కాంక్రీటు సెగ్మెంట్లను లాంచింగ్ గిర్డరుతో వేలాడదీసి, ఎపాక్సీతో అతికి, ఉక్కు తీగలు బిగించే పద్ధతి ఇక్కడా పనికొస్తుంది. పునాది మాత్రం వేరు. హైదరాబాద్‌లో గ్రానైట్ రాయి పైకే దొరుకుతుంది. భువనేశ్వర్‌లో ఎర్ర లాటరైట్, కాఠజోడి ఒడ్డున నదీ ఒండ్రు. అక్కడ లోతైన పైళ్లు (నేలలోకి దించే పునాది స్తంభాలు) తప్పవు, కాబట్టి హైదరాబాద్ కిలోమీటరు ధరను ఇక్కడికి తెచ్చి అతికించకూడదు.

తుపాను సంగతీ ఉంది. 2019 మే 3న ఫొని కరెంటు స్తంభాలను ఎలా కూల్చిందో అందరం చూశాం. హైదరాబాద్‌లో లాగా పైతీగలో 25 కిలోవోల్టులా, కొచ్చిలో లాగా పట్టా పక్కనే 750 వోల్టుల మూడో పట్టాయా అన్నది గాలి వేగాన్ని బట్టి తేల్చాలి. మూడో పట్టాకు సబ్‌స్టేషన్లు ఎక్కువ కావాలి, కానీ గాలికి తెగే తీగ ఉండదు.

భువనేశ్వర్ మెట్రోకు తయారుచేసే కొత్త ప్రాజెక్టు నివేదికను ఒడియాతో పాటు తెలుగులోనూ ప్రజల ముందు పెట్టాలని, బరముండా–రైల్వే స్టేషన్ మధ్య రోజూ తిరిగే జనాన్ని లెక్కపెట్టించి ఆ అంకెను అందులో చేర్చాలని కోరుతున్నాం. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల శాసనసభ్యులు ఈ లెక్కను సభలో అడగాలి.

— విశ్రాంత సివిల్, ఎలక్ట్రికల్ ఇంజినీర్లు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా