సాహితీ సంఘం వార్షిక నివేదిక: 2024–25

గౌరవ సభ్యులకు నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, మళ్లీ ఏకరువు పెట్టను. సెప్టెంబర్ 9న కాళోజీ జయంతి యథావిధిగా జరిపాం. నెలనెలా పఠన గోష్ఠి రెండుసార్లు తప్ప ఆగలేదు. ఆ రెండుసార్లూ తాళంచెవి తెస్తానన్న సభ్యులు రాలేదు. అరుగు మీద కూర్చుని వెనక్కి వెళ్లిపోయాం.

ఈ ఏడాది మనం తలెత్తుకుని చెప్పుకోగలిగింది టీచరమ్మ గారి నవల. 1934లో వరంగల్‌లో వెలసిన ఆజంజాహి బట్టల మిల్లు కార్మికుల ఇళ్ల కథ. పదకొండేళ్ల కిందట పాత రూళ్ల నోటు పుస్తకాల్లో మొదలుపెట్టారు. ఒక వారపత్రిక పోటీకి పంపితే జవాబు లేదు. ఒక ప్రచురణకర్త రెండేళ్లు దగ్గర పెట్టుకుని, సగానికి తగ్గించి డబ్బు తెచ్చుకోమన్నారు. ఆమె తగ్గించలేదు, మూడోసారి మొదటి నుంచి రాశారు.

ఆ మూడో రాతను మన గోష్ఠిలో అధ్యాయం తర్వాత అధ్యాయం చదివారు. ఒకనాడు మిల్లులో పనిచేసి వచ్చిన మన పెద్దాయన అంతా విని, "మిల్లు కూత బాగానే మోగింది తల్లీ, కానీ నీ నవలలో ఒక్కరికీ దగ్గు రాదు" అన్నారు. గది నిశ్శబ్దమైంది. టీచరమ్మ కాగితం మూల మడిచి సంచిలో పెట్టుకున్నారు. మరుసటి నెల వచ్చిన అధ్యాయంలో రాత్రి షిఫ్టు దిగిన తండ్రి తలమీద దూది నూగుతో గుమ్మంలో నిలబడి దగ్గుతుంటాడు, కూతురు చెంబుతో నీళ్లు పట్టుకుని ఎదురుచూస్తుంటుంది. పుస్తకంలో అందరూ మెచ్చుకుంటున్న ఘట్టం అదే. ఈ ఘనతలో పెద్దాయన వాటా నమోదు కావాలి.

టీచరమ్మ గారి మనవడు ఫోనులో యూనికోడ్‌లో కొట్టి ఇచ్చిన ప్రతి డీటీపీలో వాడే 'అను' ఫాంట్లలోకి మారేసరికి ఒత్తులు ఎగిరిపోయి 'మిల్లు' కాస్తా 'మిలు' అయింది. 288 పేజీలు, అంటే పదహారు పేజీల ఫారాలు 18, మూడుసార్లు ప్రూఫులు. చూస్తామని చేతులెత్తినవారు పద్నాలుగు మంది, చూసినవారు నలుగురు. ఆవిష్కరణ నాడు వేదిక మీద ఫోటోకు మాత్రం పద్నాలుగు మందీ వచ్చారు. హాలు కోసం పెట్టిన అర్జీ సంబంధిత కార్యాలయంలో ఇప్పటికీ ఏ బల్ల మీద ఉందో! చివరికి ఒక సభ్యుడి మేడమీదే ఫిబ్రవరి 21న, మాతృభాషా దినోత్సవం నాటి సాయంత్రం, సభ జరిపాం. కుర్చీలు మోసిన కుర్రవాళ్లకు, చాయ్ పెట్టిన ఇంటి ఇల్లాలికి, ముఖచిత్రం ఉచితంగా గీసి ఇచ్చిన మిత్రుడికి, అచ్చుకు విరాళమిచ్చినవారికి కృతజ్ఞతలు.

ప్రచురణకర్తగా మన సంఘం పేరే ఉంది కనుక 1954 నాటి చట్టం ప్రకారం కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, మరో మూడు గ్రంథాలయాలకు మన ఖర్చుతోనే ప్రతులు పంపాం. 1904లో హనుమకొండలో నెలకొన్న రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయానికి రెండు ప్రతులు ఇచ్చాం.

జమాఖర్చులు కోశాధికారి చదివి వినిపిస్తారు. స్థూలంగా లోటు లేదు, మిగులూ లేదు. చందా బాకీ ఉన్నవారు ఎవరో వారికే తెలుసు.

అమ్ముడుపోని ప్రతులు మా ఇంట్లో మంచం కింద ఉన్నాయి. తలా ఐదు తీసుకెళ్లండి. టీచరమ్మ గారు రెండో నవల మొదటి రెండు అధ్యాయాలు ఇప్పటికే ఇచ్చారు. వచ్చే నెల గోష్ఠిలో చదువుతారు. తాళంచెవి ఈసారి నా దగ్గరే ఉంటుంది.

కార్యదర్శి
హనుమకొండ