‘ఎస్‌ఎస్‌డీ పడుతుందా?’ అని అడిగేవాళ్లకు: మా షాపులో మారిన పద్ధతి

ఈ నెల నుంచి మా హన్మకొండ షాపులో ఒక పద్ధతి మార్చాం. ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ బదులు వేసే వేగమైన డ్రైవ్) మా లాప్‌టాప్‌లో పడుతుందా అని ఫోన్‌లో అడిగితే, లాప్‌టాప్ పేరు విని ‘పడుతుంది, తెచ్చుకోండి’ అనడం మానేశాం. ఇన్నాళ్లూ అలా చెప్పడం మా తప్పే. మూత మీద పేరు ఒకటైనా లోపల బోర్డు ఒకటే కావాలని లేదు. ఒకే మోడల్‌లో ఒకదానికి చిన్న బ్యాటరీ, పక్కన 2.5 అంగుళాల డిస్క్‌కి చోటు ఉంటుంది. ఇంకోదానికి పెద్ద బ్యాటరీ ఇచ్చి ఆ చోటు మింగేస్తారు. కొన్నిటిలో రెండో ఎం.2 స్లాట్‌కి (సన్నని పట్టీలాంటి ఎస్‌ఎస్‌డీ దిగే చోటు) బోర్డు మీద గుర్తులు అచ్చై ఉంటాయి కానీ స్లాట్ మాత్రం అతికించరు. పరకాల నుంచో నర్సంపేట నుంచో బస్సెక్కి వచ్చినవాళ్లకు ‘పట్టదు’ అనే మాట కౌంటర్ దగ్గర చెప్పాల్సి రాకూడదనే ఈ మార్పు.

అసలు చిక్కు ‘పడటం’ అనే మాటలోనే ఉంది. స్లాట్‌లో కూర్చున్న ప్రతి డ్రైవ్ పనిచేయదు. ఎం.2 అనేది ఆకారం పేరు. అదే ఆకారంలో సాటా డ్రైవ్‌లూ (హార్డ్‌డిస్క్‌ల పాత పద్ధతిలో బోర్డుతో మాట్లాడేవి) వస్తాయి, ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లూ (అంతకంటే వేగమైన కొత్త పద్ధతివి) వస్తాయి. డ్రైవ్ కొసన బంగారు రంగు పిన్నుల వరుస చూడండి. ఒకే గాటు ఉండి, దానికి అవతల చిన్న ముక్కలో పైవైపు 5 పిన్నులుంటే అది ఎం కీ. ఇప్పటి ఎన్‌వీఎంఈలు దాదాపు అన్నీ ఇవే. రెండు గాట్లుంటే బీ ప్లస్ ఎం కీ, ఎక్కువగా సాటా. ఈ రెండు గాట్ల సాటా డ్రైవ్, ఎన్‌వీఎంఈ తప్ప వేరేది తెలియని స్లాట్‌లోకి కూడా హాయిగా దిగుతుంది. స్క్రూ కూడా బిగుస్తుంది. బయోస్‌లో (లాప్‌టాప్ ఆన్ అవగానే మొదట నడిచే ప్రోగ్రామ్) మాత్రం కనిపించదు. అంతే, డ్రైవ్ డెడ్ అనుకుని రిటర్న్ పెట్టేస్తారు. నిజానికి డ్రైవ్‌లో ఏ లోపమూ ఉండదు, ఆ స్లాట్‌కి సాటా లైన్లు రాలేదు, అంతే. దీనికి ఎదురు కేసు కూడా ఉంది: సాటా లైన్లు మాత్రమే వచ్చిన ఎం కీ స్లాట్‌లో ఎన్‌వీఎంఈ చక్కగా కూర్చుంటుంది, పలకదు. రెండు గాట్ల ఎన్‌వీఎంఈలు కూడా కొన్ని ఉన్నాయి కాబట్టి గాటు చూసి డబ్బులు కట్టొద్దు. డ్రైవ్ సంగతి లేబుల్ చెబుతుంది, స్లాట్ సంగతి కంపెనీ సర్వీస్ మాన్యువల్ చెబుతుంది.

ఆ మాన్యువల్ వెతకడం మా పని. మీరు కొనకముందు వాట్సాప్‌లో మూడు ఫొటోలు పంపితే చాలు. ఒకటి, లాప్‌టాప్ కింద స్టిక్కర్, పూర్తి మోడల్ నంబరు చదవగలిగేలా. రెండు, స్టార్ట్ మెనూలో ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’ అని వెతికి తెరిస్తే వచ్చే మొదటి పేజీ. అందులో సిస్టమ్ మోడల్, ప్రాసెసర్, బయోస్ మోడ్ మాకు కావాలి. మూడు, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ స్క్రీన్. అందులో ఇంటర్‌ఫేస్ దగ్గర సాటా అనో ఎన్‌వీఎం ఎక్స్‌ప్రెస్ అనో ఉంటుంది. దానికింద ట్రాన్స్‌ఫర్ మోడ్‌లో అడ్డగీతకు రెండు పక్కలా రెండు అంకెలుంటాయి: ఎడమది ఇప్పుడు నడుస్తున్న వేగం, కుడిది డ్రైవ్‌కి చేతనైన వేగం. ఎడమది తక్కువగా ఉంటే స్లాటే పట్టి ఉంచుతోందని అర్థం. అలాంటి స్లాట్‌లో ఇంకా ఖరీదైన డ్రైవ్ వేసినా లాభం లేదు. వారంటీలో ఉన్న లాప్‌టాప్ అయితే ఫొటో కోసం కింది మూత విప్పొద్దు.

వేగం గురించి మాకు నష్టమైనా చెప్పేస్తాం. జెన్ అంటే ఎన్‌వీఎంఈ వేగం తరం. జెన్ 4 డ్రైవ్ జెన్ 3 స్లాట్‌లో పనిచేస్తుంది, కాకపోతే సెకనుకు 7000 ఎంబీ డ్రైవ్ సుమారు 3500 దగ్గర ఆగుతుంది. స్లాట్‌కి నాలుగు లేన్లకు (డేటా దారులకు) బదులు రెండే ఉంటే అందులో సగం. సాటా ఏదైనా సుమారు 550 దగ్గరే ఆగుతుంది. అయినా పాత హార్డ్‌డిస్క్ తీసి మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ వేసినప్పుడు తెలిసే తేడా చాలా పెద్దది. ఉన్న సాటా ఎస్‌ఎస్‌డీ తీసి ఎన్‌వీఎంఈ వేస్తే బ్రౌజర్‌కీ టాలీకీ పెద్దగా తెలియదు. ఎనుమాముల మార్కెట్ అడ్తి దుకాణాల్లో 2014 నాటివి, అంతకంటే పాతవి ఇంకా నడుస్తున్నాయి. వాటిలో చాలావాటి బయోస్‌కి ఎన్‌వీఎంఈ నుంచి బూట్ అవడం తెలియదు. వాటికి 2.5 అంగుళాల సాటానే దారి. హార్డ్‌డిస్క్ చోటు ఖాళీగా వచ్చిన లాప్‌టాప్‌లో చాలాసార్లు ఆ పట్టీ కేబులూ బ్రాకెట్టూ ఇవ్వరు, విడిగా తెప్పించాలి.

పొడవు సంగతి. లేబుల్ మీద 2280 అంటే వెడల్పు 22 మిల్లీమీటర్లు, పొడవు 80. 2242, 2230 కూడా ఇదే లెక్క. పొట్టి డ్రైవ్‌ని పొడవు స్లాట్‌లో వేయాలంటే అడాప్టర్ బ్రాకెట్ కావాలి, లేకపోతే రెండో కొస గాలిలో లేచి నిలబడుతుంది. దాన్ని టేపుతో అంటిస్తే వేడికి జిగురు వదిలేస్తుంది. పొడవు డ్రైవ్ పొట్టి చోట పట్టదు, బ్యాటరీయో ఫ్యానో అడ్డం. పలుచని లాప్‌టాప్‌లలో ఇంకో మెలిక: చిప్పులు రెండువైపులా ఉన్న డ్రైవ్ కింద బోర్డుకి ఒరుసుకుంటుంది. వాటికి ఒకవైపే చిప్పులున్నది అడగండి. హీట్‌సింక్ అంటించి అమ్మేవి లాప్‌టాప్‌కి వద్దు, మూత మూయలేం. మే నెలలో మన ఎండకు డ్రైవ్ వేడెక్కి వేగం తగ్గించుకునే మాట నిజమే. దానికి లాప్‌టాప్‌లో పలుచని థర్మల్ ప్యాడ్ చాలు. లేబుల్ మాత్రం పీకొద్దు, వారంటీ దానితోనే పోతుంది.

ఇక డేటా. మూత విప్పే ముందు బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ (డ్రైవ్‌లోని డేటాకి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూస్తాం. కొత్త లాప్‌టాప్‌లలో మీరు పెట్టకపోయినా అది ఆన్ అయి ఉండొచ్చు. 48 అంకెల రికవరీ కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఆ అకౌంట్ పాస్‌వర్డ్ మరిచిపోయి వస్తే మేం చేయగలిగింది ఏమీ లేదు, ముందే చూసుకోండి. 11వ తరం, ఆ తర్వాతి ఇంటెల్ లాప్‌టాప్‌లలో విండోస్ కొత్తగా ఎక్కించేటప్పుడు డ్రైవ్ కనిపించకపోతే కంగారుపడొద్దు. బయోస్‌లో వీఎండీ అనే ఇంటెల్ స్టోరేజ్ సెట్టింగ్ ఆన్‌లో ఉండటం వల్ల కావచ్చు. ఇంటెల్ స్టోరేజ్ డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో ఇస్తే కనిపిస్తుంది. క్లోన్ చేసిన (పాత డ్రైవ్ నుంచి ఉన్నదున్నట్టు కాపీ చేసిన) విండోస్ మీద మాత్రం ఆ సెట్టింగ్ మార్చొద్దు, నీలి తెర మీద ‘ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని ఆగిపోతుంది.

క్లోనింగ్‌కి ఎంతసేపు పడుతుందో ఇప్పటినుంచి ముందే చెబుతాం. ఆరోగ్యంగా ఉన్న హార్డ్‌డిస్క్‌లో 300 జీబీ డేటా ఉంటే సుమారు గంట. బ్యాడ్ సెక్టార్లుంటే (డిస్క్‌లో చెడిపోయిన చోట్లుంటే) పూట పట్టొచ్చు, అప్పుడు క్లోన్ మానేసి ఫైళ్లు మాత్రమే తీస్తాం. ఇంట్లో చేసుకునేవాళ్లు ఎన్‌క్లోజర్ (డ్రైవ్‌ని యూఎస్‌బీతో కలిపే డబ్బా) కొనేటప్పుడు కూడా సాటానా ఎన్‌వీఎంఈనా చూడాలి. ఒక్కదానికే పనిచేసే ఎన్‌క్లోజర్లే ఎక్కువ. చార్జర్ పెట్టే ఉంచండి, కరెంటు పోతే లాప్‌టాప్ బ్యాటరీ క్లోన్ ముగిసేదాకా నిలవాలి.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న మామూలు సపోర్ట్ ముగిసింది కదా, ఎస్‌ఎస్‌డీ వేస్తే 11 ఎక్కుతుందా అని చాలామంది అడుగుతున్నారు. ఎస్‌ఎస్‌డీ వేసినంత మాత్రాన ఎక్కదు. 11కి టీపీఎం 2.0 (ఒక భద్రతా చిప్), మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న ప్రాసెసర్ కావాలి. ఇంటెల్‌లో 8వ తరం కంటే పాతవి దాదాపు అన్నీ ఆ జాబితా బయటే. ఎస్‌ఎస్‌డీ అమ్ముకోవడానికి మేం వేరేలా చెప్పం.

ఫొటోలు చూసి చెప్పడానికి డబ్బులు తీసుకోం. మేం చూసి ‘సరే’ అన్న డ్రైవ్ కనిపించకపోతే మా ఖర్చుతోనే మారుస్తాం. మాకు చూపించకుండా ఆన్‌లైన్‌లో కొని తెస్తే బిగింపు 300 రూపాయలు, అది పనిచేసినా చేయకపోయినా. డ్రైవ్ ధర మాత్రం ఆ రోజుదే, నిన్నటి ధరకు నేడు ఇవ్వలేం.

పాత డ్రైవ్ మీ చేతికే ఇస్తాం. కనీసం 15 రోజులు దాన్ని ఫార్మాట్ చేయకండి. ఈలోగా టాలీ కంపెనీ తెరిచి చివరి ఎంట్రీ తేదీ చూడండి, ఔట్‌లుక్ పాత మెయిళ్లు వస్తున్నాయో లేదో చూడండి. ఏదైనా తక్కువైతే ఆ పాత డ్రైవ్ పట్టుకుని రండి.