పాకే వెదురుకు కుండీయే హద్దు కావాలి

సంపాదకులకు నమస్కారం.

నెల్లూరులో ఇళ్ల ముందు వెదురు పెంచడం ఈమధ్య బాగా ఎక్కువైంది. గోడ వెంట వరసగా నాటితే రెండు మూడేళ్లలో పచ్చటి తెర కడుతుంది. రోహిణీ కార్తె ఎండ చూసినవాళ్లెవరూ ఆ నీడను వద్దనరు, నేనూ అనను. నా బాధంతా నేల కింద దుంపలతో పాకే రకాన్ని తెచ్చి నేలలో నాటడం గురించే.

మా పక్కింటివాళ్లు నర్సరీలో 'గోల్డెన్ బాంబూ' అని చెబితే మూడు మొక్కలు తెచ్చి కాంపౌండ్ వాల్ పక్కన పెట్టారు. మూడో ఏడు వానలకు మా సంపు దగ్గర టైల్స్ సందుల్లోంచి పిలకలు లేచాయి. కోసేస్తే వారానికి ఇంకోచోట వచ్చేవి. గడ్డపారతో తవ్విస్తే వేలు లావు దుంపలు గోడ కిందుగా మా వైపు చాలా దూరం పాకి ఉన్నాయి. పాపం, నాటినవాళ్లకూ ఈ సంగతి తెలియదు. ఎన్నో ఏళ్ల స్నేహం మాది. ఆ నెల రోజులు రెండిళ్లలోనూ టెన్షనే.

అసలు చిక్కు పేరుతోనే వస్తోంది. పసుపు బొంగు మీద పచ్చ చారలుండే వెదురునీ గోల్డెన్ బాంబూ అంటారు. అది మన ముళ్ల వెదురులాగే ఒకచోట దుబ్బు కడుతుంది, భయం లేదు. ఫిల్లోస్టాకిస్ జాతి మొక్కకూ అదే పేరు. అది పాకుతుంది. కొనేటప్పుడు కణుపు చూడండి. ఒక్కో కణుపు దగ్గర రెండేసి కొమ్మలుండి, కొమ్మ వైపు బొంగు మీద గాడి కనిపిస్తే అది పాకే రకమే.

పాకే రకమే కావాలనుకుంటే గట్టి సిమెంటు తొట్టిలో పెంచుకోవచ్చు. పల్చటి ప్లాస్టిక్ కుండీని దుంపలు పగలగొడతాయి. తొట్టిని నేల మీద ఆనించకుండా ఇటుకల మీద ఎత్తుగా పెట్టాలి, లేదంటే నీళ్లు పోయే రంధ్రంలోంచే దుంప నేలలోకి దిగిపోతుంది. ఎండాకాలం రోజూ నీళ్లు తప్పవు. రెండు మూడేళ్లకోసారి మొక్కను బయటికి తీసి, చుట్టుకుపోయిన దుంపలు కోసి మళ్లీ పెట్టాలి. కోసినవాటిని కాలవ గట్టు మీదో ఖాళీ స్థలంలోనో పారేయొద్దు. మొగ్గ ఉన్న ముక్క మళ్లీ మొలుస్తుంది. బాగా ఎండబెట్టి కాల్చేయాలి. సర్కారు తుమ్మ మన చెరువుల్ని ఎలా కమ్మేసిందో కళ్లారా చూస్తున్నాం కదా!

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం దీనికోసం 2013లో చట్టమే చేసింది. పక్కవాళ్ల స్థలంలోకి పాకితే నష్టం నాటినవాళ్లే భరించాలి. ఈ మొక్క పాకుతుందని అమ్మేవాళ్లు కొనేవాళ్లకు రాసివ్వాలి. మనకు అంత పెద్ద చట్టం అక్కర్లేదు. పాకే వెదురు కుండీలోనే ఉండాలని, గోడ పక్క నేలలో నాటకూడదని కార్పొరేషన్ ఇంటి ప్లాన్ మంజూరు పత్రంలో ఒక వాక్యం చేర్చితే చాలు. నర్సరీలు ప్రతి వెదురు మొక్కకూ 'పాకేది', 'దుబ్బు కట్టేది' అని చీటీ కట్టాలి. అపార్టుమెంటు సంఘాలైతే ఎవరికోసమూ ఆగకుండా ఈ నెల మీటింగులోనే తీర్మానం చేసుకోవచ్చు.

వెదురు కొట్టాలంటే అటవీశాఖ పర్మిషన్ కావాలేమోనని కొందరు వెనకాడుతున్నారు. 2017లో కేంద్రం అటవీ చట్టాన్ని సవరించి వెదురును చెట్ల జాబితా నుంచి తీసేసింది. ఇంకా అనుమానముంటే అటవీశాఖను ఒక మాట అడిగి, ఇప్పటికే నేలలో నాటినవాళ్లు వచ్చే వానలకు ముందే తవ్వి తొట్టిలోకి మార్చుకోవాలని వేడుకుంటున్నాను.

– ఒక పాఠకురాలు, వేదాయపాళెం, నెల్లూరు